మైనం పలక మీద గోటి గీత

పొద్దున పాట ఎక్కించిన మైనం పలక మీద, అంచు నుంచి నడిమి దాకా గోటి గీత పడి ఉంది.

సీతారాములు పెట్టె మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మెత్తటి మైనంలో సూది గీసిన గాడే పాట. బొంబాయి చేరి అచ్చు తీసేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. విందామని సూది పెట్టినా చెడిపోతుంది.

“ఎవడ్రా చేసింది?” రికార్డుల కంపెనీ యజమాని అబ్దుల్ హమీద్ గొంతుకు మగ్గం ఆగిపోయింది. “ఇగ ఒక్క ఖాళీ పలకే మిగిలింది. సాయంత్రం బండికి పోవాలె. పలకలు నీ జిమ్మ గద సీతారామ్!”

గద్వాలలో, 1938లో, నేతగాడు నర్సింహులు ఇల్లది. ఆయన కూతురు జములమ్మ మగ్గం పాటల కోసమే రికార్డింగు మిషన్ వచ్చింది.

సీతారాములుది వనపర్తి. సికింద్రాబాద్ హోటల్లో జాజ్ బ్యాండుకు గిటారు వాయిస్తూ, ఆ బ్యాండును రికార్డు చేయడానికి వచ్చిన ఇంజినీరు దగ్గర మిషన్ పని నేర్చాడు. వచ్చే నెల బొంబాయిలో పెద్ద జాజ్ రికార్డింగు. మిషన్ దగ్గర ఎవరు కూర్చోవాలో చెప్పేది హమీద్.

నిన్న జములమ్మ నేస్తూ పాడుతుంటే, సీతారాములు మగ్గం చప్పుడుకు గిటారు కలిపాడు. ఆమె కావాలనే జోరు పెంచింది. అతను అందుకున్నాడు. ఆమె నవ్వింది. అంతే, అతని పని అయిపోయింది.

పొద్దున మాత్రం పాటకు హార్మోనియం వాయించింది హమీద్. వాయించొద్దని యజమానికి చెప్పే ధైర్యం ఎవరికుంది?

“నా పాట ఎట్లొచ్చింది ఇంజినీర్ సాబు?” అని తర్వాత జములమ్మ అడిగింది.

“నీ గొంతు బాగొచ్చింది. హార్మోనియం దాని నెత్తిన కూసుంది.”

“గిటారైతే?”

“పక్కన కూసుంటది.”

“ఎవరి పక్కన?”

సీతారాములు శ్రుతిలో ఉన్న తీగలనే మళ్లీ శ్రుతి చేశాడు.

ఇప్పుడు గీతను చూస్తుంటే అతనికి ఒక్కరే తోచారు. గద్వాల చీరకు నూలు ఒడలు, పట్టు అంచు. రెండూ కలిసిన చోట బొటనవేలి గోటితో గీకి, అతుకు గట్టిదో కాదో చూడటం నేతవాళ్ల అలవాటు. నిన్నటి నుంచి నర్సింహులు గోరు గిటారు చెక్క మీద, చివరికి హమీద్ షేర్వాణీ అంచు మీద కూడా నడిచింది.

సీతారాములు చూపు పడగానే నర్సింహులు తన గోరు చూసుకున్నాడు. “ముట్టినట్టు యాదికి లేదు. కానీ ఈ చెయ్యి ఊకోదు బిడ్డా...”

ఆ ముసలాయన తల దించుకోవడం సీతారాములు చూడలేకపోయాడు.

“నేనే సాబ్. పెట్టెలో పెడుతుంటే నా గోరు తగిలింది.”

“అయితే బొంబాయికి ఇంకొకన్ని పంపుత. నువ్వు నీ గిటారు పట్టుకొని వనపర్తికి పో.”

“జర ఆగుండ్రి సాబు.” జములమ్మ మగ్గం గుంటలోంచి లేచి వచ్చింది. కుడిచేతి బొటనవేలు చాపింది. గోటి కింద ఇంకా మైనం ఉంది.

“గోరు నాది. నాయినది కాదు, ఆయనది కాదు. అంచు అతకకపోతే విప్పి మళ్ల నేస్తం మేము. మీ హార్మోనియం నా పాటకు అతకలే, విప్పిన. గిటారు అతుకుతది, నిన్న చూసిన. మిగిలిన పలక మీద ఆయన వాయిస్తేనే పాడుత. మిషన్ సూది మీరు దించుండ్రి సాబు, హార్మోనియం కన్న అల్కగనే ఉంటది. ఎల్లగొట్టాలంటే నన్ను ఎల్లగొట్టుండ్రి. నాయినా, గట్ల చూడకు. ఆయన అబద్ధమాడింది నా కోసం కాదు, నీ తల దించనియ్యొద్దని. గసుంటోన్ని నేను ఇడువ.”