మంచం కోడుకు కట్టిన దారం

తెల్లారి కాఫీ గ్లాసుతో అత్త గదిలోకి వెళ్ళిన గంగాదేవి కళ్ళు మళ్ళీ ఆ దారాల మీదే పడ్డాయి. మంచం కోడుకు రోజుకో తెల్ల పట్టుదారం, దాని నిండా ముడులు. మొన్నటి దారానికి ఆరు. నిన్న ఆదివారం దారానికి ఒక్కటే. ఇదేం చోద్యమమ్మా! అడగాలంటే మొహమాటం, ఊరుకుందామంటే మనసు ఊరుకోదు.

అవి కట్టేది రూతమ్మ. తుంటి విరిగి మంచం పట్టిన అత్త కుళ్ళాయమ్మను పగలంతా చూసుకోవడానికి కుదుర్చుకున్న మనిషి. అంతకు ముందొచ్చిన ఆవిడ ఒకే పక్కన పడుకోబెట్టి వదిలేస్తే ముసలామె వీపంతా పుండ్లయ్యాయి. "ఇంకొక్క పుండు లేచిందంటే మనిషి దక్కదు" అని ధర్మవరం డాక్టరు తేల్చి చెప్పాడు. రూతమ్మ వచ్చాక ఆ పుండ్లు మానాయి.

కానీ ఈ పొద్దు చీర మారుస్తుంటే అత్త నడుం పక్కన ఎర్రటి మచ్చ కనబడింది. గంగాదేవి మగ్గం మీదున్న మొగుణ్ణి కేకేసింది.

"ఇదో, ఒకసారి రాండి!"

గోవిందప్ప మగ్గం దిగి వచ్చేసరికి రూతమ్మ కూడా గుమ్మంలో ఉంది.

"మంత్రించి కట్టినావా ఈ దారాలు? చూడు, మళ్ళీ ఎట్ల కందిందో!" అంది గంగాదేవి.

"ఈ పొద్దుతో నీ పని సాలమ్మా, పో" అన్నాడు గోవిందప్ప.

రూతమ్మ వంగి మచ్చను వేలితో ఒత్తి చూసింది.

"ఒత్తితే తెల్లబడతాంది. ఇంకా పుండు కాలేదు, భయపడాకండి. మంత్రం లేదు, ఏమీ లేదప్పా. అవ్వను ఒకసారి పక్కకు తిప్పితే ఒక ముడి. రెండు గంటలకొకసారి తిప్పల్ల. ఆస్పత్రిలో నర్సమ్మ కాగితంలో గీసుకునేది. నాకు రాత రాదు."

"మరి నిన్నటిదానికి ఒకటే ఉండాదే?" అన్నాడు గోవిందప్ప దారం చూసి.

"చర్చికి పొయ్యే ముందర నేను తిప్పింది అదొకటే. తరవాత అక్కకు అప్పజెప్పినా. ముడి ఎయ్యమని చెప్పలేదు, అది నా తప్పే."

గోవిందప్ప భార్య వైపు తిరిగాడు. "తిప్పినావు కదా?"

"తిప్పిందిలేరా" అంది మంచంలోంచి కుళ్ళాయమ్మ.

తల ఊపితే సరిపోయేది. ఎవరూ అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ ముసలి గొంతు తన కోసం అబద్ధమాడేసరికి గంగాదేవికి దుఃఖం ఆగలేదు.

"లేదు. ఒక్కసారి కూడా తిప్పలేదు. చీర కొంగు అయిపోతాదిలే, అయిపోతాదిలే అనుకుంటా మగ్గం దిగలేదు. నువ్వన్నా పిలవకూడదా అత్తా?"

"మగ్గం చప్పుడు వింటానే ఉన్నా. మంచి ఊపులో ఉన్నావు. యాల ఆపల్లని..."

గంగాదేవి అత్త చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. గోవిందప్ప తల వంచుకుని, "తొందరపడి నోరు జారినా రూతమ్మా. పోవద్దు" అన్నాడు.

"పోవడం తరవాత. తిప్పే పొద్దయింది, భుజం పట్టుకోక్కా" అంది రూతమ్మ.

ఇద్దరూ కలిసి ముసలామెను మెల్లగా పక్కకు తిప్పారు. గంగాదేవి కళ్ళు తుడుచుకుని కొత్త దారం కట్టి, తెగిన పట్టుపోగును అతికినంత జాగ్రత్తగా మొదటి ముడి వేసింది. కుళ్ళాయమ్మ చెయ్యి చాచి దాన్ని వేళ్ళతో తడిమి చూసింది.

"ఇది మగ్గమోళ్ళ ముడి. ఊడదు" అంది.