నల్లప్ప ఫోను దొడ్డి మార్చిన రోజు

ఈ కథలో ఆవగింజంత అబద్ధం లేదు. ముదిగుబ్బ సంతలో ఎవరినైనా అడగండి. ఇది చెబుతున్న ముసలాడు అబద్ధమాడితే ఆ రోజు అనంతపురం జిల్లాలో వాన పడుతుందంటారు. ఎన్నేళ్లుగా వాన లేదో మీకూ తెలుసు.

ఆ పొద్దున సిద్దమ్మ దొడ్డిలో పెంట ఊడుస్తోంది, కోడలు జయంతి సంగటికి ఎసరు పెట్టింది. సిద్దమ్మ మొగుడు, ఇంటి పెద్ద నల్లప్ప అరుగు మీద రెండు ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాడు. పాతదాని అద్దం పగిలి సాలెగూడైంది. కొత్తది కొడుకు తిప్పేస్వామి కదిరిలో కొని, ఇంట్లో పడేసి, మళ్లీ లారీ ఎక్కేశాడు.

జయంతి పాత ఫోనులో సెట్టింగ్స్ తెరిచి యాప్‌ల జాబితా చదివింది. ఒక్కో పేరుకు నల్లప్ప ఒక్కో శెనక్కాయ చేటలో వేశాడు. వాతావరణం చెప్పేది, పాటలది, తిప్పేస్వామి ఎక్కించిన పేకాట, ఎందుకున్నాయో దేవుడికే తెలిసినవి ఓ పన్నెండు. మొత్తం నలభై ఒక్క కాయలు. అన్నీ కొత్తదాంట్లోకి వచ్చేలా నొక్కి, అవి దిగేదాకా పాతదాన్ని ముట్టుకోవద్దని చెప్పి జయంతి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

కానీ నల్లప్ప యాభై ఏళ్లుగా గొర్రెలు కాస్తున్నవాడు. మందను దొడ్డి మార్చేటప్పుడు పాత దొడ్డిలో ఒక్కటి కూడా మిగలకూడదు. అన్నిటినీ బయటికి తోలి, కంప అడ్డం పెట్టి, కొత్త దొడ్డి వాకిట్లో లెక్క పెట్టాలి. అటూ ఇటూ ఉంటే లెక్క చెడుతుంది. అందుకని పాత ఫోనులో ఒక్కోదాన్నీ అదిమి పట్టి తీసేశాడు. పోనని మొండికేసిన నాలుగైదింటిని ముసలి గొర్రెలనుకుని వదిలేశాడు.

తర్వాత జయంతి కొత్తదాంట్లో పేర్లు చదువుతుంటే కాయలు ఒడిలోకి వేసుకున్నాడు. చివరికి చేటలో ఒక్క కాయ మిగిలింది.

"ఏది రాలేదు పాపా?"

జయంతి మళ్లీ పైనుంచి కిందికి వెతికింది. "మంద రాలేదు మామా."

నల్లప్ప చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

'మంద' అతని కూతురు హేమావతి పాలిటెక్నిక్ చదివేటప్పుడు తండ్రి కోసం తయారుచేసిన యాప్. ప్రతి గొర్రెకూ ఫోటో, పేరు, ఈనిన తేదీ, వేసిన సూదుల వివరం. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలు, దాచుకునేది.

"ప్లే స్టోరు దుకాణంలో ఉండేవే వాటంతటవి వస్తాయి మామా. ఇది హేమ ఫైలు పంపి ఎక్కించింది. పాతదాంట్లో ఉంటే ఏదో ఒకటి చేస్తుంటి." జయంతి పాత ఫోను తీసి చూసి, మామ ముఖం చూసి, ఇంకేం అడగలేదు.

అడగడానికి సిద్దమ్మ ఉంది. చీపురు పట్టుకుని అలాగే వచ్చింది. రెండేళ్ల క్రితం మేనత్త కొడుకుతో సంబంధం వద్దని హేమావతి బెంగళూరు ఉద్యోగానికి బయల్దేరినప్పుడు, ఈ అరుగు మీదే నల్లప్ప "ఇంక ఈ దొడ్డి లెక్కలో నువ్వు లేవు" అన్నాడు. సిద్దమ్మ కోడలి ఫోనులో బిడ్డతో మాట్లాడుతుంది గానీ, మొగుడి ముందు ఆ పేరెత్తదు. ఈ పొద్దు ఎత్తింది.

"గొర్రె తప్పిపోతే మూడూళ్లు తిరుగుతావు. బిడ్డ పోయి రెండేండ్లాయ. ఒక్క ఫోను చేసినావా నువ్వు?"

నల్లప్ప తువ్వాలు భుజాన వేసుకుని మందను తోలుకుపోయాడు. వెనకనుంచి జయంతి మెల్లగా అంది. "కొత్త ఫోనులో మొట్టమొదట ఎక్కించింది హేమ నంబరే మామా."

బీడులో అతనికి కాలు నిలవలేదు. ఏ గొర్రెకు సూది ఎప్పుడు వేశాడో గుర్తులేదు. ఫోను జేబులోంచి తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. మంద ఒకవైపు పోతుంటే తానింకోవైపు నడిచాడు. చివరికి ఒక పెద్ద రాతి గుండు పక్కన నిలబడి, ఎండకు తువ్వాలు అడ్డం పెట్టి నంబరు నొక్కాడు.

"నాయనా?"

మంద మొత్తం మేత ఆపి, ఆ గొంతు వచ్చినవైపు తలెత్తి చూసింది.

"మంద పోయింది పాపా. నేనే చెరిపేసినా."

"యాడికీ పోలేదులే. అంతా నా దగ్గర ఉండాది." హేమావతి అడిగింది. "తెల్లచెవిది రెండు పిల్లలేసింది, ఒకటి పాలు తాగడం లేదు అన్నావే. ఇప్పుడు తాగతాండాదా?"

"ఆ మాట నీకెవురు చెప్పినారు?"

"నువ్వే. నువ్వు చెప్పేదంతా ఈడికే వస్తాది నాయనా. దినామూ వింటాండా."

నల్లప్ప గుండుకు ఆనుకుని కూర్చున్నాడు. రెండేళ్లలో ఆ మైకుకు ఏమేం చెప్పాడో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. సిద్దమ్మ మోకాలి నొప్పి. ఎండిన బోరు. ఒక రోజు, సూది వేయబోతే గొర్రె విదిలించుకుని పోయినప్పుడు, "హేమ ఉంటే ఆ పిల్లే వేసేది" అని కూడా అన్నాడు.

"అన్నీ విని, నాకొక ఫోను చేయకపోతివి."

"లెక్కలో లేదన్నోడే కదా నాయనా, లెక్కలోకి పిలవాల్సింది."

గాలికి ఎండిన బోదగడ్డి కదిలింది. నల్లప్ప ఫోనును చెవికి అదుముకున్నాడు.

"లెక్కలో ఒకటి తక్కువొస్తాండాది పాపా. వచ్చి చూసిపో."

ఆదివారం హేమావతి వచ్చింది. చేటలో మిగిలిన కాయను సిద్దమ్మ తీసి గూట్లో దాచి ఉంచింది. దాన్ని ఒలిచి, రెండు పప్పులుంటే కూతురికొకటీ మొగుడికొకటీ పెట్టింది.

ఇదంతా నిజమే. మంద తలెత్తి చూసిందన్నది ఒక్కటే కల్పన. మేతలో పడిన గొర్రె దేవుడు పిలిచినా తలెత్తదు. మరి ముసలాడు అబద్ధమాడాడు కదా, వాన పడిందా అంటారేమో. పడలేదు. ఆ పూట ఆ బీడులో తడిసింది నల్లప్ప తువ్వాలు ఒక్కటే.