కాపడం

నర్సుగా పనిచేసే కోడలు డ్యూటీకి జడ వేసుకుంటోంది. అత్తగారు పొయ్యి దగ్గర ఉంది. అంతలో పెరట్లో దబ్బుమని చప్పుడైంది. అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. ఏడాది కిందట భర్త బాత్‌రూంలో జారిపడ్డప్పుడు అచ్చం ఇదే చప్పుడు. అప్పట్నుంచీ ఇంట్లో ఏ తలుపు కొట్టుకున్నా ఆవిడకు గుండె దడే.

పడింది బొత్తాం. దర్జీ పని చేసిన ఆయన, కుట్టుమిషను కింద పేలికల్లో పడుకునే పిల్లికి ముద్దుగా పెట్టుకున్న పేరది. ఆయన పోయాక ఇంట్లో పెత్తనమంతా దానిదే. మేడ పిట్టగోడ మీంచి సిమెంటు గచ్చు మీద పడి, ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ వచ్చి మిషను కింద దూరింది.

“ఏం కాలేదులే, నడుస్తోందిగా,” అని అత్తగారు నాలుక కరుచుకుంది. ఆయనా ఆ మాటే అన్నాడు. పొట్ట మీద కాస్త కాపడం పెట్టమన్నాడు. మర్నాటికి లేడు.

కాపడానికి వేడినీళ్ల బ్యాగు ఆయన పోయినప్పట్నుంచీ కనిపించదు. అడిగితే పారేశానంటుంది కోడలు. ఆయన వస్తువని కూడా చూడలేదని అత్తగారికి లోపల కినుక. ఇప్పుడు బ్యాగు లేక, పెనం మీద గుడ్డ వెచ్చచేసి పిల్లి పొట్ట దగ్గరికి తీసుకెళ్లింది.

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. “వేడి పెట్టొద్దు అత్తయ్యా.”

“వదులు. దాని బాధ నీకేం తెలుసు?”

“లోపల నెత్తురు కారుతుంటే వేడికి ఇంకా ఎక్కువవుతుంది. పొట్ట నొక్కకూడదు, ఏమీ తాగించకూడదు. కదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.”

“అయితే ఆ రోజు ఆయనకి...”

కోడలు మిషను కిందికి వంగింది. మామగారు గుడ్డలు కత్తిరించే చెక్కను మెల్లగా పిల్లి కిందికి జరిపి, అట్టపెట్టెలోకి ఎత్తింది.

పశువుల ఆస్పత్రిలో డాక్టరు పిల్లి చిగుళ్లు చూశాడు. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. “లోపల నెత్తురు పోతోంది,” అంటూ వెంటనే దాన్ని లోపలికి తీసుకెళ్లాడు. అత్తాకోడళ్లు బయట బల్ల మీద కూర్చున్నారు.

“నా చేత్తోనే ఆయన్ని చంపుకున్నాను. నీకు తెలిసీ ఏడాదిగా నాకు అన్నం ఎలా పెట్టావే?” అంది అత్తగారు.

“ఆ నీళ్లు కాచి బ్యాగులో పోసింది నేను. తెలిసినదాన్ని. డ్యూటీకి టైమవుతోందని మామయ్య మొహం కూడా సరిగ్గా చూడలేదు.” కోడలు అత్తగారి వైపు తిరిగింది. “బ్యాగు పారేయలేదత్తయ్యా. నా చీరల కింద ఉంది. రోజూ బీరువా తెరిచినప్పుడల్లా చూస్తాను.”

కాపడం వల్ల పోయాడో, ఆస్పత్రికి తీసుకెళ్లనందుకు పోయాడో ఎవరూ చెప్పలేరు. అత్తగారికి కోడలి మీద కోపం రావలసింది. రాలేదు.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు. “వేళకి తెచ్చారు. బతుకుతుంది,” అని లోపలికి వెళ్లిపోయాడు. డాక్టరు వెనక తలుపు దబ్బున మూసుకుంది.

ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడ్డారు.

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. “నీకూ ఆనాటి చప్పుడే వినిపిస్తోందా?”

కోడలు తలూపి, ఏడాదిగా ఆపుకున్న ఏడుపు ఏడ్చింది. అత్తగారు ఆమె తలను తన భుజానికి చేర్చుకుంది. “ఇంటికెళ్లాక ఆ బ్యాగు బయటికి తియ్యమ్మా. ఇన్నాళ్లూ ఒక్కదానివే దాచుకున్నది చాలు.”