మూలసీటు వెనక ఏడుపు

ఆ మ్యూజియంలో దెయ్యం ఉందంటే అందరూ తిమింగలం అస్థిపంజరం వైపు చూస్తారు. పాపం, అది ఎవరి జోలికీ పోదు. దెయ్యం ఉన్నది పక్కనున్న ప్లానిటోరియంలో — చివరి వరుస మూలసీటు దగ్గర.

బయట ఎండ మండిపోతున్నా సరే, లోపల దీపాలు ఆర్పి నక్షత్రాలు వెలిగిస్తే నడిరాత్రే కదా. ఆ రాత్రి మొదలవగానే మూలసీటు వెనక ఒక చిన్నపిల్ల ఏడుపు వినిపిస్తుందట... సన్నగా, వెక్కివెక్కి. దీపాలు వేస్తే ఆగిపోతుందట. ఆ సీటుకి ‘పనిచేయదు’ అని అట్ట తగిలించి ఊరుకున్నారు. సీటు పనిచేయకపోవడమేమిటని ఒక్కరూ అడగలేదు.

ఇదంతా మా బాబాయి చెప్పిందే. అక్కడ ప్రొజెక్టర్ నడిపేది ఆయనే. నక్షత్రాలు ఎలా పుడతాయో, ఎలా చస్తాయో గడగడా చెప్పేస్తాడు. ఆ ఏడుపు మొదలైతే మాత్రం చెప్పడం ఆపేసి, సంగీతం శబ్దం పెంచేస్తాడు. పాత ఆపరేటరు పని అప్పగిస్తూ నేర్పిన మొదటి విద్య అదేనట. పదకొండేళ్లు అలాగే పెంచుతూ వచ్చాడు.

ఒక వేసవి మధ్యాహ్నం, బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయి ఒకామె తన అక్క కూతుర్ని మ్యూజియానికి తీసుకొచ్చింది. ఆరేళ్ల పిల్ల. అక్క ఆపరేషనై ఆస్పత్రిలో ఉంది. తిమింగలం ముందు నిలబడి ఉండగా అక్క ఫోన్ చేసి పాప ఏం చేస్తోందని అడిగింది. తన పక్కనే ఉందని చెప్పి ఈమె ఇటు తిరిగింది.

పక్కన ఎవరూ లేరు.

ముందు కోపం వచ్చింది. తర్వాత పరుగందుకుంది. సీతాకోకచిలుకల గది, రాళ్ల గది, మెట్ల కింద, బాత్రూములు... రెండేసిసార్లు వెతికింది. పిల్ల ఒంటరిగా గేటు దాటలేదని కాపలాదారు అన్నాడు. అంతలోనే రెండు స్కూలు బస్సులు వెళ్లాయని గుర్తొచ్చి, ఆ పిల్లల్లో కలిసి పోయిందేమో చూడలేదన్నాడు. అక్క మళ్లీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఎత్తి ఏం చెబుతుంది?

ఇక మిగిలింది ప్లానిటోరియం. అప్పటికి ఆట నడుస్తోంది. మధ్యలో తలుపు తీయకూడదని అడ్డుపడినవాణ్ణి తోసుకుని లోపలికి దూరింది. తడుముకుంటూ బాబాయి దగ్గరికి వచ్చి, దీపాలు వెయ్యమని బతిమాలింది. హాల్లో రెండొందల మంది పిల్లలున్నారు, పది నిమిషాలు ఆగమన్నాడు. ఆ మాట అన్నందుకు తనని తాను ఇప్పటికీ తిట్టుకుంటాడు.

ఆమె ఆగలేదు. ఆ చీకట్లో వరుస వరుసా తిరుగుతూ, కనబడని పిల్లల జడలూ చేతులూ తడిమి చూసింది. ఎవరెవరో విసుక్కున్నారు. ఆఖరికి ఖాళీగా దొరికిన సీట్లో కూలబడింది.

అది మూలసీటు.

ఏడుపు మొదలైంది... సన్నగా... వెక్కివెక్కి.

బాబాయికీ వినిపించింది. ఆయన చెయ్యి తన పని తాను చేసింది. సంగీతం హోరెత్తింది.

ఆమె పరుగెత్తుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

“ఆపండి... అది మా పాప.”

“కాదమ్మా,” బాబాయి గొంతు తగ్గించాడు. “అది ఎప్పుడూ వచ్చేదే. పట్టించుకోకండి.”

“ఎప్పుడూ ‘పిన్నీ’ అనే పిలుస్తుందా?”

బాబాయి సంగీతం ఆపేశాడు. నిశ్శబ్దంలో హాలు మొత్తానికీ వినబడింది — “పిన్నీ...”

నక్షత్రాలు కనబడే ఆ ఆకాశం గోడ కాదు, చిల్లుల రేకు గుమ్మటం. రేకుకీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. దానికో చిన్న తలుపు. ఎప్పుడూ తాళం వేసి ఉండేది, ఆవేళ ఎలక్ట్రీషియన్ ఉక్క భరించలేక తెరిచి వదిలేశాడు. పిల్ల అందులో దూరింది. దీపాలు ఆరాక దారి తెలియక, సరిగ్గా మూలసీటు వెనక ముడుచుకుని కూర్చుంది. ఆ ఆటలో బాబాయి అప్పటికే మూడుసార్లు శబ్దం పెంచాడు.

పిల్లని బయటికి తెచ్చారు. ఆ పిన్ని అక్కడే నేలమీద చతికిలబడి, పిల్లని వాటేసుకుని, అక్కకి ఫోన్ చేసింది. ఒళ్లోనే ఉందని చెబుతూ భోరుమంది.

హమ్మయ్య అనుకున్నాను నేను. కథ అయిపోలేదు, కూర్చోమన్నాడు బాబాయి.

అందరూ వెళ్లిపోయాక ఆయన టార్చి పట్టుకుని ఆ సందంతా ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికాడు. దుమ్ము, వైర్లు. ఇంకేమీ లేదు. తలుపుకి తనే తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. దీపాలు ఆర్పి నక్షత్రాలు వెలిగించాడు. సంగీతం పెట్టలేదు. అట్ట పీకేసి, మూలసీట్లో కూర్చున్నాడు.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత వచ్చింది... చెవి పక్కనే... వెక్కివెక్కి.

చెయ్యి అలవాటుగా గాలిలో వెతికింది. శబ్దం పెంచే మీట హాలు మధ్యలో ఉంది. పదకొండేళ్లలో మొదటిసారి, గుసగుసగా అడిగాడు.

“ఎవరమ్మా?”

ఏడుపు ఆగింది. రేకు అవతల ఎవరో ముక్కు ఎగపీల్చారు. ఆ తర్వాత ఒక చిన్న గొంతు, చాలా అలసిపోయినట్టు, అడిగింది —

“ఇప్పటికి వినబడిందా?”