నానని కార్కు

మణిశంకర్ గారికి ఆ ఆదివారం కూడా పెట్రోల్ కంపుతోనే తెల్లవారింది. నిద్ర లేవగానే అరచేతులు చూసుకుని శ్లోకం చదువుకోవడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. నోరు తెరిచారో లేదో ఆ వాసన గొంతులోకి దిగింది. శ్లోకం సగంలోనే వదిలేసి, "ఛీ, వెధవ కంపు" అని గొణుక్కుంటూ లేచారు.

రామచంద్రపురం పక్క ఊళ్ళో ఉన్న ఆ ఇంట్లో మూడు వారాలుగా ఇదే వరస. పెరటి వసారాలో, తులసికోటకు నాలుగడుగుల దూరంలో, యాభై ఏళ్ళ నాటి మోటార్‌సైకిల్ ఒకటి తిష్ట వేసింది. దాన్ని బాగుచేస్తున్నది ఆయన ఒక్కగానొక్క కూతురు శ్రీసుధ. మెకానికల్ డిప్లొమా చదివింది. పురోహితుడి ఇంట పుట్టిన పిల్ల గోళ్ళలో గ్రీజుతో విస్తరి ముందు కూర్చుంటే ఆయనకి ముద్ద దిగేది కాదు.

కంపు వసారాలో ఆగినా బాగుండేది. దండెం మీది మడిబట్టలకు పట్టింది. ఆత్రేయపురం నుంచి ఎవరో అభిమానంగా తెచ్చిన పూతరేకు నోట్లో పెట్టుకుంటే నేతివాసన పోయి పెట్రోల్ వాసన వేసింది. ఆయన పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసి, నాలుగుసార్లు పుక్కిలించారు. మొన్నటికి మొన్న ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం చేయిస్తుంటే ఆ ఇంటి పెద్దావిడ ముక్కు ఎగబీల్చి, "పంతులుగారూ, బంకు దగ్గర ఆగి వచ్చారేంటండీ?" అంది. పీటల మీద కూర్చున్న దంపతులు కూడా నవ్వారు. అది తల్చుకుంటే ఆయనకి ఇప్పటికీ చెవులు మండుతాయి.

పెరట్లోకి వెళ్ళేసరికి శ్రీసుధ బండి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ట్యాంకు కిందున్న పెట్రోల్ ట్యాప్ నుంచి చుక్క తర్వాత చుక్క కొబ్బరిచిప్పలో పడుతోంది.

"మళ్ళీనా?" అన్నారాయన ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"అవును నాన్నగారూ. ట్యాప్‌లో మూడో కార్కు కూడా వేశాను. నిన్న సాయంత్రం లీటరు పోసి ఉంచితే పొద్దున్నకి ట్యాంకులో చుక్క లేదు. ఇప్పుడు మళ్ళీ పోశాను. పొయ్యగానే కారడం మొదలెట్టింది."

"ఇవాళ ఆదివారం. మాట గుర్తుందా?"

గుర్తులేకేం. ఆ బండి రైస్‌మిల్లు యజమాని వెంకటరాజు గారిది. వాళ్ళ నాన్నగారు నడిపిన బండి. ఆదివారానికల్లా బాగుచేసి చూపిస్తే, తన దగ్గరున్న మరో మూడు పాత బళ్ళూ అప్పగిస్తాననీ, రైస్‌మిల్లు పక్కన ఖాళీగా ఉన్న షెడ్డు వర్క్‌షాప్‌కి ఇస్తాననీ ఆయన మాటిచ్చారు. చూపించలేకపోతే సోమవారమే రాజమండ్రిలో బ్యాంక్ కోచింగ్‌లో చేరతానని శ్రీసుధ తండ్రికి మాటిచ్చింది. కోచింగ్ అప్లికేషన్ దేవుడి గది అలమరలో సిద్ధంగా ఉంది.

"ఇంకొక్క రోజు ఆగండి నాన్నగారూ. ఎక్కడ తప్పు చేస్తున్నానో..."

"ఇంట్లో అన్నం తినాలంటే రోత. బట్ట కట్టుకోవాలంటే రోత. ఆ చేతులు చూడు, ఆ బట్టలు చూడు. నిన్ను చూస్తేనే నాకు రోత పుడుతోందే!"

వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడ్డ ఆయన భార్య రామతులసి ఉలిక్కిపడింది. "ఏవండీ! అవేం మాటలండీ? నిన్నటి నుంచీ పిల్ల సరిగ్గా తిననైనా లేదు."

శ్రీసుధ చేతులు గుడ్డతో తుడుచుకుంది. ఎంత తుడిచినా నలుపు పోలేదు.

పదింటికి వెంకటరాజు గారు వచ్చారు. చిప్పలో పెట్రోల్ చూడగానే ఆయన మొహం మారిపోయింది.

"ఏంటమ్మాయ్ ఇది? కారే బండి ఎలా ఎక్కమంటావు? నీ మీద నమ్మకంతో ఇచ్చాను. పోనీలే, రాజమండ్రిలో ఎవరికైనా చూపించుకుంటాను."

"రాజుగారూ, ఒక్క మాట వినండి." శ్రీసుధ ట్యాప్ వైపు చూపించింది. "ఈ పాతకాలం ట్యాప్‌లో రబ్బరు ఉండదండీ, కార్కు ఉంటుంది. సీసా మూతకి పెట్టే బెండులాంటిదే. కొత్తది ఎండుగా ఉంటుంది. బిగించాక రాత్రంతా పెట్రోల్లో నానితే ఉబ్బి, సందు మూసుకుంటుంది. ముందే నానబెడితే ఉబ్బిపోయి లోపలికి దూరదు. అందుకే రోజూ సాయంత్రం లీటరు పోసి వదిలేస్తున్నానండి. తెల్లారేసరికి మొత్తం కారిపోతోంది. ఎందుకో తెలియట్లేదు. నాకు పని రాదేమోనండి."

రాజుగారు వంగి వసారా నేల చూశారు. "లీటరు కారితే ఈ చిప్ప పట్టదు కదమ్మా. నేలంతా మరక కట్టాలి. ఏదీ?"

"వేసవి కదండీ, ఆరిపోయిందనుకున్నాను..."

రామతులసి భర్త వైపు చూసింది. మణిశంకర్ గారు తులసికోట వైపు తిరిగి నిలబడ్డారు.

రోజూ దీపాలవేళకి ముందు శ్రీసుధ స్నానానికి వెళ్ళేది. అప్పుడాయన ఊపిరి బిగబట్టి, ఆ ట్యాప్ తిప్పి, పెట్రోలంతా పాత డబ్బాలోకి దించేసేవారు. డబ్బా గోడవతల పిచ్చిమొక్కల్లో పారబోసి, చేతులు మట్టితో తోముకుని తులసికోట దగ్గర దీపం వెలిగించేవారు. నాలుగడుగుల దూరంలో పెట్రోల్ పెట్టుకుని వత్తి వెలిగించడానికి భయం. ఆ మాట కూతురితో అనాలంటే మళ్ళీ ఆ కంపు గురించి మాట్లాడాలి, అదీ వెగటే. ఎలాగూ కారిపోయే పెట్రోలే కదా అనుకున్నారు. కార్కు నానాలన్న సంగతి ఆయన ఎరగరు.

"నేనే తీసేస్తున్నానండి," అన్నారు, ఎవరి వైపూ చూడకుండా. "రోజూ దీపం పెట్టేముందు నేనే తీసి పారబోస్తున్నాను. అమ్మాయి తప్పేం లేదు రాజుగారూ."

చిప్పలో చుక్కలు పడుతున్న చప్పుడే వినిపించింది.

"మూడుసార్లు విప్పి బిగించాను నాన్నగారూ," అంది శ్రీసుధ. రెండు చేతులూ ముందుకి చాపింది. వేళ్ళ నిండా గీతలు, తెగిన చోట నల్లగా గడ్డకట్టిన రక్తం. "నాకు చేతకాదనుకుని మూడు రోజులు ఏడ్చాను. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

రామతులసికి కోపం ఆగలేదు. "మినప్పప్పు నానబోశాక గంటకోసారి నీళ్ళు పారబోస్తే గారెలు వస్తాయా అండీ? పైగా పొద్దున్న దాన్ని అంతేసి మాటలన్నారు!"

మణిశంకర్ గారికి పూతరేకు ఉమ్మేసిన నాటి చేదు మళ్ళీ నోట్లోకి వచ్చినట్టయింది. ఈసారి ఆ వెగటు తన మీదే.

రాజుగారు గడ్డం గోక్కున్నారు. "రేపు ఏడింటికి వస్తాను అమ్మాయ్. అప్పటికి కారకపోతే షెడ్డు తాళం నీ చేతికిస్తాను. పంతులుగారూ, మీరు మాత్రం ఈ రాత్రికి ఆ బండి జోలికి వెళ్ళకండి."

పొద్దు వాలుతుండగా మణిశంకర్ గారే వసారాలోకి వచ్చారు.

"దీపం తులసమ్మ దగ్గర పెట్టాల్సిందే కదే. దీన్ని వీధి వైపుకి తోసేద్దామా? నువ్వు హ్యాండిల్ పట్టుకో, నేను వెనక నుంచి తోస్తాను."

శ్రీసుధ నమ్మలేనట్టు చూసింది. ఆయన ఉతికిన పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, సీటు మీద చేతులు పెట్టారు. బండి వీధి అరుగు పక్కకి చేరేసరికి పంచె మీద జానెడు గ్రీజు మరక. దానికేసి చూసి మొహం చిట్లించుకున్నారు. కూతురు ట్యాంకులో పెట్రోల్ పోస్తుంటే ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అయినా పక్కనే నిలబడ్డారు. శ్రీసుధ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక ట్యాప్ కింద చిప్ప తీసేసి, ఏదో కాగితం పరిచారు.

తెల్లవారి శ్రీసుధ వీధిలోకి వచ్చేసరికి ఆయన అప్పటికే అక్కడ ఉన్నారు. ఇంకా స్నానం చెయ్యలేదు. ట్యాప్ కింద చూపుడు వేలు పెట్టి, తీసి చూసుకుంటున్నారు.

"పొడిగా ఉందే," అన్నారు. వేలు వాసన చూసి, "ఛీ, కంపు మాత్రం పోలేదు" అన్నారు.

శ్రీసుధ గబగబా వంగి కింది కాగితం తీసింది. పెట్రోల్ తడి ఎక్కడా లేదు. ఓ మూల మాత్రం నల్లటి చుక్క ఒకటి పడింది. కాగితం తిప్పి చూసి అలాగే ఉండిపోయింది.

"ఇది కోచింగ్ అప్లికేషన్ కదా నాన్నగారూ?"

"ఆ మరకేంటి?"

"ఇంజన్ ఆయిల్."

"మరక పడ్డ అప్లికేషన్ ఎవరు తీసుకుంటారే? పొయ్యిలోకి పనికొస్తుంది, మీ అమ్మకియ్యి."

శ్రీసుధ ఏడుపు ఆపుకోలేకపోయింది. వీధి చివర రాజుగారి కారు హారన్ వినిపించింది. మణిశంకర్ గారు కూతురి తెగిన వేళ్ళు రెండు చేతుల్లోకీ తీసుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ వాసన గుప్పున ముక్కుకి తగిలి డోకు వచ్చినంత పనైంది. అయినా ఆ చేతులు వదల్లేదు.