గంధం మెత్తిన హార్డ్ డిస్కు మిషను

పనిముట్లకి మొక్కే ఇశ్వకర్మ పూజనాడు మిట్టమజ్జానం. కోరాపుట్ రైల్వే క్వార్టర్సులో సీక్రెట్ ఏజెంట్ ఢిల్లీశ్వరరావు వాచీలో దాసిన ఫోను మోగింది.

‘అల్లం ఎండిందా?’ అనడిగింది చీఫ్ విశాలాక్షి మేడం.

‘సొంటి అయిపోనాదండి’ అన్నాడు ఈడు. కోడ్‌వర్డ్ సరిపోయింది.

మేటరేటంటే, రాయగడ ప్యాసింజరు కింద విదేశీ ముఠా బాంబెట్టేసింది. బండి ఆగితే పేలిపోద్ది. ఆగకపోయినా పదిహేను నిముసాల్లో పేలిపోద్ది. లోన తొమ్మిదొందల మంది. బాంబుని ఆపే కోడు ముఠావోళ్ల హార్డ్ డిస్కులో ఉంది. ఆ డిస్కుని అల్లం యాపారి ఏసంలో బోరిగుమ్మ సంతకెళ్లి పొద్దున్నే కొట్టుకొచ్చేసేడు మనోడు. ముఠాతో తిరిగే అందగత్తె శ్రీదుర్గని కూడా పట్టుకొచ్చి కుర్సీకి కట్టేసేడు. నాను మేడం మనిషినే, డబల్ ఏజెంటుని అని ఆ అమ్మి మొత్తుకుంటే నవ్వేసేడు.

‘రెండు నిముసాల పని మేడం’ అని ఫోనెట్టేసేడు.

తీరా సూస్తే కంప్యూటర్ యూఎస్‌బీ కన్నంలో డిస్కు వైరు దూరదు. పూజ కదా, పొద్దున్న పిస్తోలు నుంచి కంప్యూటర్ దాకా పనిముట్లన్నిటికీ ఈడే గంధం బొట్టెట్టేడు. బొట్టంటే బొట్టా, కన్నం కనబడితే మెత్తేసేడు. అది ఎండి సిమెంటయిపోనాది. ఎనకాల ఒక్క కన్నం మిగిలితే అందులో ఎట్టేడు. ఆ సన్న వైరులో వొచ్చే కరెంటు పెద్ద డిస్కుకి సాల్నేదు, టిక్కు టిక్కుమని మూలిగి ఊరుకుంది. డాక్ అని ఒక పెట్టుంది, డిస్కుని అందులో నిలబెడితే కరెంటు వేరేగా ఇస్తాది. దాని పిన్ను దూరే కన్నంలోనూ ఈడి గంధమే.

ఇంక ఆరు నిముసాలు. సిగ్గుతో ఈడి సెవులు ఎర్రబడిపోనాయి. తలొంచుకునే ఎల్లి శ్రీదుర్గ కట్లిప్పేడు.

‘ఏటండి ఏజెంటు గోరూ, నన్ను నమ్మనేదు, గంధాన్ని నమ్మేరు’ అందా అమ్మి. ‘సీపీయూ డబ్బా ఇప్పండి. డిస్కుని లోపల మదర్‌బోర్డుకే సాటా కేబుల్‌తో తగిలిద్దాం. అక్కడికి మీ సెయ్యి ఎల్లుండదు.’

‘ఇయ్యేళ పనిముట్టు ఇప్పకూడదమ్మీ’ అని గొణిగేడు. ఆవిడ సూసిన సూపుకి స్క్రూడ్రైవరిచ్చేడు. దానికీ బొట్టే.

కంప్యూటర్ ఆపి, డేటా వైరొకటి, పవర్ వైరొకటి తగిలించి మళ్లీ ఆన్ సేసింది. డిస్కు గిర్రున తిరిగింది. అందులో దొరికిన కోడు ఈడు వాచీ రేడియోలో కొట్టేసరికి రైలు కింద బాంబు గడియారం ఒక్క సెకను దగ్గర ఆగిపోయింది.

అంత లేటేటని మేడం మళ్లీ ఫోను సేసి అడిగింది. కంప్యూటర్ పాతదండి అనబోయి, శ్రీదుర్గ కేసి సూసి మానేసేడు.

‘నానేనండి మేడం. అన్నిటికీ బొట్టెట్టేసేను.’

శ్రీదుర్గ గిన్నెలో మిగిలిన గంధం తీసి ఈడి నుదుటి మీద ఎట్టింది.

‘పూజ సెయ్యకుండా ఈ పనిముట్టొక్కటే ఒగ్గేసేరు.’