చిల్లు పెట్టిన గిన్నె

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, పని ఎక్కడికీ పోదు. ఇది మా పక్కింట్లో జరిగిన సంగతి.

ఆ ఇంటాయన చెడిపోయిన టీవీలు, రేడియోలు, కంప్యూటర్లు కొని పెరట్లో విప్పేవాడు. లోపలి పచ్చ బోర్డులను ఒక గిన్నెలో వేసి కాలిస్తే టంకం కరిగి, పనికొచ్చే ముక్కలు ఊడొస్తాయి. అవి అమ్మితేనే ఇల్లు గడిచేది. వాళ్ళకు ఒక్కతే కూతురు, మూడేళ్ళది. కళ్ళు తెరవకముందే కబుర్లు మొదలుపెట్టేదని దాన్ని వాగుడుకాయ అనేవారు.

ఒకరోజు పొద్దున నాయనమ్మ ఎప్పటిలాగే పాలు కాచి ఇచ్చింది. పిల్ల గ్లాసు వంక చూసి, దాన్నేమంటారో గుర్తురాక ఊరుకుంది. కొన్నాళ్ళుగా అంతే. కడుపు నొప్పని ముడుచుకుపోవడం, వచ్చిన మాటలు మర్చిపోవడం. కోడలు ఆసుపత్రికి ఎత్తుకుపోయింది. పరీక్షలు చేసి, ఒంట్లో సీసం చేరిందన్నారు. ఆ బోర్డుల టంకంలో ఉండేదీ ఆ సీసమే.

ఇంటికి వస్తూనే ఆమె మొగుడి మీద విరుచుకుపడింది. ఈ చెత్త మధ్య ఇక ఒక్క పూట ఉండనంది. పిల్లను ఏనాడూ పెరట్లోకి రానివ్వలేదని, స్నానం చెయ్యందే దాన్ని ముట్టుకోనైనా లేదని అతను మొత్తుకున్నాడు. అదీ నిజమే.

"మరి ఆకాశంలోంచి ఊడిపడిందా?" అందామె.

అప్పుడు అతని చూపు పొయ్యి మీద పడింది.

"అమ్మా, ఆ గిన్నె ఎక్కడిది?"

"నీదేరా. ఇంకోటి కొనుక్కుని దీన్ని మూల పడేశావుగా. అడుగు మందం, పాలు అంటవు. తోమి తోమి నా చేతులు పడిపోయాయి. చూడు, అద్దంలా లేదూ?"

ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, గోడ పట్టుకుని కూలబడింది.

"నా చేత్తో నేనే తాగించానా?"

కోడలు ఒక్క మాట తూలలేదు. గిన్నె పెరట్లోకి తీసుకుపోయి బోర్లించి, మేకు పెట్టి సుత్తితో కొట్టింది. చిల్లు పడిందాకా కొట్టింది. తర్వాత వచ్చి అత్తగారి పక్కన కూర్చుని, ఆ అరిగిన వేళ్ళు తన చేతుల్లోకి తీసుకుంది.

"మీకు మేము చెప్పలేదత్తయ్యా," అంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

ఇప్పుడతను ఏదీ ఇంట్లో విప్పడు, రాబడి తగ్గినా సామాను సామానుగానే, ఇలాంటివి జాగ్రత్తగా విప్పే కర్మాగారానికి అమ్మేస్తాడు. పిల్ల బడికి పోతోంది. మందులతో నొప్పి పోయింది. మాటలే, ఒక్కొక్కటీ చీకట్లో వస్తువు వెతుక్కున్నట్టు తడుముకుంటుంది. వాగుడుకాయ అని దాన్నిప్పుడెవరూ పిలవరు.

ఇది గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి. అలాంటి పనికి వాడిన గిన్నెను మూల పడెయ్యొద్దనండి, ముందు చిల్లు పెట్టమనండి. పారేసినదాన్ని తోమి దాచుకునే అమ్మ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.